70 వేల బకరా

మీ దగ్గర 70 వేలున్నాయా? కంప్యూటర్ కొనాలా? బ్రాండెడ్ పెట్టె వద్దు, పార్టులు నేనే ఏరుకుని బిగించుకుంటానంటారా? శభాష్! మీ కోసమే మార్కెట్ మొత్తం కత్తులు నూరుకుంటోంది.

మూడు లక్షలవాడికి చింత లేదు. ప్రతిదాంట్లోనూ పైమెట్టుది పట్టుకొస్తాడు. కాస్త మోసపోయినా వాడికి తెలియదు. తెలిసినా లెక్కలేదు. అసలు కొనలేనివాడి జోలికి ఎవడూ పోడు. దొరికేది మధ్యలోవాడే. ర్యామ్‌కు రెండు వేలు పెంచితే క్యాబినెట్‌లో రెండు వేలు తెగ్గోసుకోవాల్సినవాడు. రాత్రిళ్లు కాగితం మీద కూడికలూ తీసివేతలూ వేసుకునేవాడు. వాడి నమ్మకం ఒక్కటే. పెట్టె మీద రాసిందే లోపల ఉంటుందని!

ఎంత అమాయకత్వం!

గ్రాఫిక్స్ కార్డు సంగతే చూడండి. మీ డబ్బులో పెద్ద ముద్ద మింగేది అదే. 2017లో ఎన్విడియా జీటీ 1030 అని ఓ చిన్న కార్డు తెచ్చింది. జీడీడీఆర్5 మెమరీ. ధరకు తగ్గ పని చేసింది. మరుసటేడు ఇంకోటి వచ్చింది. ఇది డీడీఆర్4. మెమరీ వేగం దాదాపు మూడోవంతుకు పడిపోయింది. మరి పేరు? జీటీ 1030. అదే పేరు, అదే నంబరు. పెట్టె మీద ఓ మూల చిన్న అక్షరాల్లో తేడా. కొన్నవాడు ఇంటికెళ్లి ఆట మొదలెట్టాడు. బొమ్మ ఈడ్చుకుంటూ కదిలింది. తప్పెవరిది? భూతద్దం లేకుండా షాపుకెళ్లినవాడిది!

పొరపాటున జరిగిందంటారా? 2021లో ఆర్‌టీఎక్స్ 3060 వచ్చింది. 12 జీబీ మెమరీ, 192 బిట్ల దారి. రెండేళ్లు తిరక్కుండానే అదే 3060 మళ్లీ వచ్చింది. ఈసారి 8 జీబీ, 128 బిట్లు. ఒళ్లు మూడోవంతు కరిగింది. పేరు మాత్రం పిసరు తగ్గలేదు.

2022లో ఇంకో మెట్టు ఎక్కారు. ఆర్‌టీఎక్స్ 4080 అని ఒకే పేరుతో రెండు కార్డులు ప్రకటించారు. ఒకటి 16 జీబీ, రెండోది 12 జీబీ. తేడా మెమరీలోనే అనుకుంటాం కదా? కాదు. లోపలి చిప్పే వేరు. జనం దుమ్మెత్తిపోశారు. అప్పుడు కంపెనీ ఏమంది? కార్డు భేషుగ్గా ఉందట, పేరే సరిగా కుదరలేదట! చిన్న 4080ని వెనక్కి తీసుకున్నారు. 2023 జనవరిలో 4070 టీఐ అని కొత్త చొక్కా తొడిగి వదిలారు. 899 డాలర్లన్నది 799 అయింది. అంటే ఆ నంబరు ఖరీదు వంద డాలర్లన్నమాట. జనం తిట్టకపోతే ఆ వంద ఎవడి జేబులోంచి పోయేది?

అదంతా పెద్దింటి గొడవ, మనకెందుకంటారా? సరే, మన వీధికే వద్దాం. 2025 ఏప్రిల్‌లో 5060 టీఐ వచ్చింది. మళ్లీ అదే వరస. 8 జీబీది ఒకటి, 16 జీబీది ఒకటి, రెండింటికీ ఒకటే పేరు. పరీక్షించి రాసేవాళ్లకు 16 జీబీది అందింది. 8 జీబీది? చాలామంది సొంత డబ్బుతో షాపులో కొనుక్కుని చూడాల్సి వచ్చింది. నెల తిరగ్గానే 5060 వచ్చింది. కార్డు నడవాలంటే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ కావాలి. విడుదల రోజు దాకా అది చాలామంది సమీక్షకుల చేతికి రానేలేదు. కార్డుంది, నడపడానికి వీల్లేదు. మంచి సరుకును ఎవడైనా ఇలా దాస్తాడా?

అదే ఏడాది జనవరిలో లాస్ వేగాస్ వేదిక మీద ఎన్విడియా అధిపతి జెన్సెన్ హువాంగ్ ఏం సెలవిచ్చారు? 549 డాలర్ల 5070లో 4090 సత్తా ఉంటుందన్నారు. 4090 విడుదల ధర 1,599 డాలర్లు. మూడోవంతు డబ్బుకే మొత్తం వైభోగం! చప్పట్లు మోగాయి. ఆ లెక్కలో కిటుకేమిటంటే, తెర మీద కనిపించే ప్రతి నాలుగు ఫ్రేముల్లో మూడు ఏఐ ఊహించి గీసినవి. కార్డు నిజంగా లెక్కగట్టి గీసేది ఒక్కటే. రేపు మీరు షాపువాడికి నాలుగు నోట్లిచ్చి, అందులో మూడు ఏఐ ఊహించినవని చెప్పి చూడండి. ఊరుకుంటాడా?

దుర్మార్గమంతా ఒక్క కంపెనీదే అని పక్కవాడి జెండా భుజానికెత్తుకునే భక్తులున్నారు. కాస్త ఆగండి నాయనా. 2020లో ఏఎండీ తన సొంత బ్లాగులో హితబోధ చేసింది. ఈ కాలం ఆటలకు 4 జీబీ మెమరీ చాలదని. నిజమే చెప్పింది. ఏడాదిన్నర గడిచింది. 2022 జనవరిలో అదే ఏఎండీ ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ తెచ్చింది. మెమరీ ఎంత? 4 జీబీ! మరి ఆ హితబోధ? సరిగ్గా అదే సమయానికి సైటులోంచి మాయమైంది. పట్టుకున్నవాళ్లు గోల చేశాక మళ్లీ ప్రత్యక్షమైంది. ఇలా ఉంటుంది నిజాయతీ. ఎవడైనా చూస్తున్నంతసేపూ ఉంటుంది.

పాతవాళ్లకు ఎన్విడియా జీటీఎక్స్ 970 గుర్తుండే ఉంటుంది. 4 జీబీ అన్నారు. అందులో చివరి అర జీబీ నత్తనడక నడుస్తుందని 2015 జనవరిలో కొన్నవాళ్లే బయటపెట్టారు. అమెరికాలో కోర్టుకెక్కారు. కంపెనీ కార్డుకు 30 డాలర్లిచ్చి రాజీ చేసుకుంది. మనకు? మనకు అర జీబీ నష్టంతోపాటు జ్ఞానోదయం ఉచితం.

ఇక ధర. 299 డాలర్ల కార్డు అని ప్రపంచమంతా ఊదరగొడతారు. డాలరుకు 86 రూపాయలు వేసుకోండి. 25,714 అవుతుంది. దాని మీద 18 శాతం జీఎస్టీ కలపండి. 30 వేలు దాటింది. ఇంకా దిగుమతిదారు తినలేదు, డిస్ట్రిబ్యూటర్ తినలేదు, షాపువాడు తినలేదు. పెట్టె మీద ఎంఆర్‌పీ స్టిక్కర్ ఉంటుంది చూశారా? ఏ లోకంలోనూ ఎవడూ ఇవ్వని ధర అది. దాన్ని చూపించి 'మీకు కాబట్టి ఇంత తగ్గిస్తున్నా' అనడానికే అతికిస్తారు. గరిష్ఠ ధర చట్టం వచ్చింది వినియోగదారుణ్ని కాపాడటానికట! నవ్వొస్తోందా?

ప్రాసెసర్ దగ్గరకు రండి. మన దేశంలో ఐ7 అనేది ప్రాసెసర్ కాదు, కులగౌరవం. 'మావాడికి ఐ7 కొనిచ్చాం' అని తండ్రి బంధువుల పెళ్లిలో చెప్పుకోవాలి. ఏ తరం ఐ7? ఎవడడిగాడు! ఆ బలహీనత మీదే ఒక పరిశ్రమ నడుస్తోంది. ఆన్‌లైన్‌లో చూడండి. 'ఐ7 గేమింగ్ పీసీ, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్', ధర చూస్తే కళ్లు చెమరుస్తాయి, అంత చవక. విప్పి చూస్తే 2011 నాటి రెండో తరం చిప్పో, 2013 నాటి నాలుగో తరం చిప్పో కనిపిస్తుంది. ఎక్కడో ఆఫీసులో పదేళ్లు చాకిరీ చేసి రిటైరైన ప్రాసెసర్ అది. పక్కన ఊరూ పేరూ లేని మదర్‌బోర్డు. గ్రాఫిక్స్ కార్డు 2014 నాటి జీటీ 730. నేతిబీరకాయలో ఎంత నెయ్యుందో ఆ గేమింగ్ పీసీలో అంత గేమింగ్ ఉంటుంది. విండోస్ 11 నిబంధనల ప్రకారం ఇంటెల్‌లో ఎనిమిదో తరం కంటే పాతవి దాదాపు ఏవీ పనికిరావు. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ నీళ్లొదిలేసింది. అయినా ఆ డబ్బా మీద 'బ్రాండ్ న్యూ' అని మెరిసే స్టిక్కర్. కొత్తది ఏమిటి? స్టిక్కరే!

కొత్త ఐ7 కొంటే సుఖమా? ఇంటెల్ 13, 14 తరాల్లో ఎక్కువ కరెంటు తాగే చిప్పులు కొన్ని, వోల్టేజీ మితిమీరి లోపల్లోపలే చెడిపోతున్నాయని 2024లో తేలింది. నెలల తరబడి జనం ఆటలు క్రాష్ అవుతున్నాయని మొత్తుకున్నారు. గేమ్‌దే తప్పన్నారు, బోర్డుదే తప్పన్నారు. చివరికి కంపెనీ మందు పంపింది. చెడిపోకుండా ఆపే మందు అది. చెడిపోయినదాన్ని బాగుచేసేది కాదు. వారంటీ మరో రెండేళ్లు పొడిగించారు. సంతోషం. పొడిగించిన సంగతి కౌంటర్‌లో కూర్చున్నవాడికి తెలిస్తే ఇంకా సంతోషం.

సాకెట్ల గోల ఇంకోటి. రేపు ప్రాసెసర్ మార్చుకోవచ్చు, బోర్డు అదే ఉంచుకోవచ్చు అని ఆశపడే కదా మనం పార్టులు కొనేది? 2017లో ఇంటెల్ ఎనిమిదో తరం తెచ్చింది. సాకెట్ పేరు 1151. పాత బోర్డు సాకెట్ పేరూ 1151. గుంటలో చక్కగా కూర్చుంటుంది. పనిచేయదు! ఆ తర్వాత 1200, 1700, 1851. ప్రతిసారీ కొత్త బోర్డు, కొత్త బాదుడు. ఏఎండీ ఏఎం4తో చాలా ఏళ్లు నెట్టుకొచ్చింది, కాదనలేం. అందులోనూ 2020లో పాత బోర్డులకు కొత్త చిప్పులు నడవవని చెప్పి చూసింది. జనం గయ్యిమన్నాక 'నడుస్తాయిలే' అంది. నిన్న కుదరని ఇంజినీరింగ్ ఇవాళ ఎలా కుదిరింది? తిట్టే కొద్దీ సైన్సు మారుతుంది కాబోలు.

రైజెన్ 5 5500, 5600 పక్కపక్కనే పెట్టి అమ్ముతారు. వంద తేడాయే కదా అనిపిస్తుంది, పేర్లలో. 5500లో క్యాష్ మెమరీ సగమే, 32 ఎంబీకి బదులు 16. గ్రాఫిక్స్ కార్డుకు ఇచ్చే దారి కూడా ఒక తరం పాతది. షాపులో అడిగి చూడండి. 'రెండూ సేమే అన్నా!' అంటాడు. స్టాకు ఏది మిగిలిందో అదే మీకు మంచిది.

ఎస్‌ఎస్‌డీల కథ చెబితే కడుపు మండుతుంది. మొదటి నెలల్లో మంచి మెమరీ చిప్పులు పెట్టి వదులుతారు. సమీక్షలన్నీ అద్భుతమంటాయి. ఆ పొగడ్తలు పండాక లోపలి చిప్పులు మార్చేస్తారు. మోడల్ పేరు మారదు. కింగ్‌స్టన్ వీ300 చేసిందదే. క్రూషియల్ పీ2లో వేగమైన టీఎల్‌సీ మెమరీ పోయి నెమ్మది క్యూఎల్‌సీ వచ్చింది. డబ్ల్యూడీ ఎస్‌ఎన్550లోనూ చిప్పులు మారాయి, వేగం పడింది. పట్టుబడ్డాక డబ్ల్యూడీ ఏమని మాటిచ్చింది? ఇకపై ఇలా మారిస్తే మోడల్ నంబరు కూడా మారుస్తామని! ఇదే కంపెనీ 2020లో రెడ్ హార్డ్‌డిస్కుల్లో చెప్పాపెట్టకుండా నెమ్మది రకం రికార్డింగ్ పెట్టి దొరికిపోయింది. పాల ప్యాకెట్‌లో నీళ్లు కలిపితే కల్తీ కేసు. ఇక్కడ కలిపితే 'సప్లై చెయిన్ ఆప్టిమైజేషన్'.

ఇప్పుడు మన సికింద్రాబాద్ పార్క్‌లేన్‌కు పోదాం. చెనాయ్ ట్రేడ్ సెంటర్. సీటీసీ అంటే తెలియని ఇంజినీరింగ్ కుర్రాడు తెలంగాణ, ఆంధ్రల్లో ఉండడు. మెట్లెక్కగానే పిలుపులు. 'అన్నా, ఏం కావాలె? బడ్జెట్ ఎంత?' ఏం పని చేసుకుంటావని అడగడు. వీడియో ఎడిటింగా, ఆటలా, కోడింగా, అమ్మకు సీరియళ్లు పెట్టడానికా? అనవసరం. బడ్జెట్ ఎంతో చెప్పు, కరెక్టుగా అంతే తీసుకుంటాడు. నిజం చెప్పాలంటే ఆ గల్లీల్లో ఓపిగ్గా, నిజాయతీగా చెప్పేవాళ్లూ ఉన్నారు. వాళ్ల దగ్గర జనం ఉండరు. ఎందుకంటే వాళ్లు నిజమే చెబుతారు, రేటూ నిజమే చెబుతారు.

కొటేషన్ చదవండి. ప్రాసెసర్ పూర్తి పేరు ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు పూర్తి పేరు ఉంటుంది. కింద 'ఎస్‌ఎంపీఎస్ 450 వాట్' అని ఉంటుంది. ఎవడిది? ఉండదు. క్యాబినెట్‌తో ఫ్రీగా వచ్చింది. 30 వేల కార్డుకు కరెంటు అందించేది ఫ్రీగా వచ్చిన డబ్బా! పేరున్న బ్రాండైతే నమ్మొచ్చా? 2021లో గిగాబైట్ జీపీ-పీ750జీఎం సప్లైలు పరీక్షల్లో పటాసుల్లా పేలాయి. కార్డుల కరువు రోజుల్లో అమెరికాలో వాటిని గ్రాఫిక్స్ కార్డులకు ముడిపెట్టి అంటగట్టారు. '80 ప్లస్' ముద్ర ఉందిగా అంటారు. ఆ ముద్ర చెప్పేది కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందనే. పేలదని కాదు. ఆ పరీక్ష చేసేదీ 23 డిగ్రీల చల్లటి గదిలో. మే నెలలో బెజవాడ వచ్చి చేయమనండి.

మే నెల అంటే గుర్తొచ్చింది. ముందు అద్దం, పక్కన అద్దం, గాలి దూరడానికి సందు లేని క్యాబినెట్‌లో ఎనిమిది రంగుల లైట్లు. ఇది షాపువాడి తప్పు కాదు, మనదే. చల్లగా ఉంచే క్యాబినెట్ చూపిస్తే 'బాలేదు అన్నా, లైట్లేవి?' అంటాం. ర్యామ్‌కు లైట్లు, ఫ్యాన్‌కు లైట్లు. 6000 వేగం ర్యామ్ బయోస్‌లో ఒక సెట్టింగ్ మార్చకపోతే చాలా బోర్డుల్లో 4800 దగ్గరే పడుంటుంది. బిగించినవాడు మార్చడు. కొన్నవాడికి తెలియదు. రెండేళ్లుగా లైట్లు మాత్రం ఫుల్ స్పీడులో వెలుగుతున్నాయి.

దారి చూపడానికి యూట్యూబ్ గురువులున్నారు కదా? '60 వేల్లో బీస్ట్ బిల్డ్ మావా!' తీరా వీడియో కింద వివరణ చదివితే ఆ పార్టులు ఎవరిచ్చారో, లింకు నొక్కి కొంటే కమీషన్ ఎవరికో తెలుస్తుంది. ఆ 60 వేల లెక్కలో మానిటర్ ఉండదు, కీబోర్డు ఉండదు, యూపీఎస్ ఉండదు. విండోస్ అసలే ఉండదు. విండోస్ ఎందుకు, షాపువాడు 'వేసిస్తాడు'గా! లైసెన్సా? అలాంటి పెద్దపెద్ద మాటలు మనకెందుకు.

చివరికి డబ్బు కట్టే వేళ వస్తుంది. అప్పుడొక్కటే ప్రశ్న. 'బిల్లు కావాలా అన్నా? బిల్లయితే 18 శాతం ఎక్స్‌ట్రా.' 2017 జూన్ 30 అర్ధరాత్రి పార్లమెంటులో అట్టహాసంగా తెచ్చిన జీఎస్టీ, ఒకే దేశం ఒకే పన్ను, ఈ కౌంటర్ దగ్గర ఐచ్ఛికం అయిపోతుంది. మీకు 12 వేలు మిగులుతుందని మురిసిపోతారు. ఏడాది తిరక్కుండా కార్డు పోతుంది. సర్వీస్ సెంటర్‌కు పోతారు. 'బిల్లేది?' అంటారు. ఉందనుకోండి, 'బాక్సేది?' బాక్సూ ఉందనుకోండి, 'ఫిజికల్ డ్యామేజీ'. మూడేళ్ల వారంటీలో మూడేళ్లు ఉంటాయి. వారంటీయే ఉండదు.

సర్కారు ఏం చేస్తోందంటారా? చేయకేం! 2023 ఆగస్టు 3న ల్యాప్‌టాప్‌లూ ట్యాబ్లెట్లూ దిగుమతి చేసుకోవాలంటే లైసెన్సు తప్పనిసరి అని ఉత్తర్వు వేసింది. మర్నాటికే 'ఇప్పుడే కాదులే' అని వాయిదా వేసింది. ఆత్మనిర్భరత ఒక్క రాత్రి కూడా నిద్రపోలేకపోయింది. మన హైదరాబాద్‌కు ఇలాంటి ఆర్భాటాలు కొత్తా? 2006లో శివార్లలో ఫ్యాబ్ సిటీ అన్నారు. 1,200 ఎకరాలు. సెమ్‌ఇండియా అనే కంపెనీ 300 కోట్ల డాలర్లతో చిప్పుల ఫ్యాక్టరీ పెడుతుందన్నారు. ఒప్పందాలు, ఫొటోలు, పతాక శీర్షికలు. చిప్పు రాలేదు. చేతిలో చిప్ప మిగిలింది.

ఇప్పుడు కొత్త సినిమా. ప్రపంచంలో ప్రతి పరికరంలోనూ భారత్‌లో చేసిన చిప్ ఉండాలన్నది మన కల అని 2024 సెప్టెంబరులో ప్రధాని సెమికాన్ ఇండియా వేదిక మీద చెప్పారు. కలకు అడ్వాన్సు అప్పటికే కట్టేశాం. 2023 జూన్‌లో అమెరికా కంపెనీ మైక్రాన్‌తో ఒప్పందం కుదిరింది. గుజరాత్‌లోని సాణంద్‌లో 275 కోట్ల డాలర్ల ప్లాంటు. అక్కడ చిప్పు పుట్టదు. బయట పుట్టినదాన్ని ప్యాక్ చేసి పరీక్షిస్తారు. ఖర్చులో సగం కేంద్రానిది. మరో 20 శాతం గుజరాత్ ప్రభుత్వానిది. మైక్రాన్ పెట్టేది 82.5 కోట్ల డాలర్ల దాకా. సొమ్ము మనది, బోర్డు వాళ్లది.

పోనీ, ర్యామ్ చవకవుతుందేమో అని మన 70 వేలవాడు ఎదురుచూశాడు. 2025 చివరికొచ్చేసరికి ఏమైంది? ఏఐ డేటా సెంటర్లు మెమరీ మొత్తం ఊడ్చుకుపోయాయి. నెలల్లోనే ర్యామ్ ధర రెండింతలైంది, మూడింతలైంది. ఉదయం ఇచ్చిన కొటేషన్ సాయంత్రానికి చెల్లదంటున్నారు. సరిగ్గా ఆ కరువులో, 2025 డిసెంబరు 3న, మైక్రాన్ ఓ ప్రకటన చేసింది. మామూలు జనానికి ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు అమ్మే తన క్రూషియల్ వ్యాపారాన్ని మూసేస్తుందట. పెద్ద కస్టమర్లకు, ఏఐకి సరుకు చాలడం లేదట. మీరూ నేనూ చిన్న కస్టమర్లం కదా. పన్ను కట్టేటప్పుడు ఎవరూ ఆ మాట అనలేదు.

మైక్రాన్ ప్లాంటులో మనం పెట్టిన ఆ 70 శాతం వెనక్కి ఇమ్మని అడుగుదామంటారా? అడగండి. ముందు ఒకటే అంటారు. 'బిల్లుందా అన్నా?'